చిన్నవ్వ నోరు

సూరత్ శివారు ఉన్‌లో మరమగ్గాల షెడ్ల వెనక చిన్నవ్వ మెస్సు ఎక్కడని అడిగితే ఎవరూ గుర్తులు చెప్పరు. "గా సందుల జర నిలబడు. తిట్లు ఎటుకెల్లి వినవడితే అటు పో" అంటారు. అట్లా వెళ్ళినవాడు ఇంతవరకు దారి తప్పలేదు.

ముప్పై ఏళ్ళ కిందట సిరిసిల్ల పక్క పల్లె నుంచి మొగుడి వెంట సూరత్ వచ్చిందామె. మొగుడి పేరు బ్రహ్మచారి. "బ్రహ్మచారి అని పేరు పెట్టుకొని ముగ్గుర్ని కన్నడు. మాట మీద నిలవడే మనిషి కాదు" అని అతను బతికున్న రోజుల్లోనే నలుగురి ముందు అనేది. అతను నవ్వుకుంటూ మగ్గం మీదికి పోయేవాడు. ఎనిమిదేళ్ళ కింద గుండెపోటుతో పోయాడు. పెద్ద పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి భీవండిలో ఉంటారు. చిన్నది సంతోషి తల్లి దగ్గరే ఉండి, ఒక చీరల వ్యాపారి దగ్గర ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తుంది.

మెస్సులో రెండు పూటలా అరవై మంది తింటారు. అందరూ కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మగ్గాల మనుషులే. చిన్నవ్వ ఐదో తరగతి దాకా చదివింది. ఆ చదువంతా గోడకున్న నల్లబల్ల మీద ఏ రోజు ఏ కూరో రాయడానికి పనికొచ్చింది. ఆదివారం బల్ల మీద "మూలుగ బొక్కలు" అని కనిపిస్తే చాలు, ఖటోదరా నుంచి కూడా మనుషులు బస్సెక్కి వచ్చేవాళ్ళు.

ఐదేళ్ళ కింద అట్లాంటి ఒక ఆదివారమే, పొయ్యి మీంచి అన్నం గంజు దించుతుంటే ఆమె నడుములో ఏదో పటుక్కుమంది. ఎముకల డాక్టరు చూసి "వయసమ్మా" అన్నాడు. "నీకెన్నేండ్లు?" అని ఎదురడిగింది చిన్నవ్వ. ఆయనకు అరవై రెండు. ఆమెకు యాభై ఆరు. మందుచీటీ ఆయన మొహానే కొట్టి వచ్చేసింది. నెల తిరక్కముందే, దగ్గితే పక్కటెముక విరిగింది. రక్తం తీసి చూస్తే, ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. పెద్దాసుపత్రికి పంపారు.

అక్కడ డాక్టర్ కృపాబెన్ కాగితాలన్నీ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నలభై దాటని సన్నటి మనిషి. జబ్బు పేరు మల్టిపుల్ మైలోమా అనీ, రక్త క్యాన్సర్లలో ఒకటనీ, ఎముకల మూలుగలో పుట్టి లోపల్నించే ఎముకను తొలిచేస్తుందనీ హిందీలో నిదానంగా చెప్పింది.

"మూలుగలనా?" అంది చిన్నవ్వ.

"అవును మాసీ."

చిన్నవ్వ కూతురి వైపు తిరిగింది. "ఇన్నేండ్లు ఆదివారం ఆదివారం మ్యాకల మూలుగలు గుంజి తినిపిచ్చిన. ఇగ మ్యాకలన్ని గల్సి నా మీద కేసేసినయ్."

సంతోషి ఏడుస్తూనే నవ్వింది. అదే ఆ రోజు జరిగిన మంచి.

మొదటి మందులు రెండేళ్ళు పనిచేశాయి. వారం వారం సూదులు, రోజూ మాత్రలు, నిద్ర పట్టనివ్వని స్టెరాయిడ్లు. ఆ స్టెరాయిడ్ ఊపులో చిన్నవ్వ ఒక్కరోజే రెండు నెలలకు సరిపడా మామిడికాయ పచ్చడి పెట్టేసింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. మందు మార్చారు. ఏడాది గడిచాక మళ్ళీ తిరగబెట్టింది. మళ్ళీ నడుము, మళ్ళీ రక్తం తక్కువ. ఈసారి కృపాబెన్ కొత్త మాట చెప్పింది. రెండు రకాల ఇమ్యూనోథెరపీ మందులను జతగా ఇచ్చి ప్రయోగం చేస్తున్నారు, ఈ ఆసుపత్రిలో కొంతమందిని చేర్చుకుంటున్నారు, మందు ఖర్చు కంపెనీదే.

"నీ ఒంట్లోనే పోలీసులున్నారు మాసీ, టీ కణాలని. క్యాన్సర్ దొంగలు వాళ్ళ పక్కనే తిరుగుతున్నా గుర్తుపట్టడం లేదు."

"గది సూరత్‌ల మామూలే గదా."

"ఈ మందుకు రెండు చేతులు. ఒక చేత్తో దొంగ చొక్కా పట్టుకుంటుంది, ఇంకో చేత్తో పోలీసు బెల్టు పట్టుకుని దొంగ మీదికి లాగుతుంది. ఆపైన పోలీసు పని పోలీసు చేస్తాడు."

"మరి రెండు మందులెందుకు?"

"దొంగ చొక్కా విప్పేసి పారిపోవచ్చు కదా. అప్పుడు రెండో మందు లాగు పట్టుకుంటుంది."

చిన్నవ్వకు ఈ లెక్క బాగా నచ్చింది. "ఎంత సిగ్గులేనోడైనా లాగు ఇడిచిపెట్టి ఉరుకడు."

"కొందరు ఉరుకుతారు మాసీ. అందుకే గ్యారంటీ ఇవ్వను." జ్వరం వస్తుందనీ, మెదడు మీద కొన్నాళ్ళు ప్రభావం ఉండొచ్చనీ, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయనీ, చర్మం పొట్టు రాలుతుందనీ, నోటి రుచి పోతుందనీ కూడా చెప్పింది డాక్టరు. చిన్నవ్వ చివరిది వినిపించుకోలేదు. ప్రాణం పోతుందన్న చోట రుచి గురించి ఎవడాలోచిస్తాడు?

సంతకం పెట్టాల్సిన కాగితాలు ఇరవై ఆరు పేజీలు, తెలుగులోనే ఇచ్చారు. "పాల్గొనువారు ఎట్టి కారణమును తెలుపకయే ఉపసంహరించుకొనవచ్చును" అన్న దగ్గర చిన్నవ్వ ఆగిపోయి, "ఇది తెలుగా, పిండం పెట్టే మంత్రమా?" అని గట్టిగా అడిగింది. పక్క కుర్చీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "ఇష్టం లేకపోతే మధ్యలో మానేయవచ్చని అండీ" అన్నాడు.

ఆయన సుబ్బరామయ్య. కాకినాడ మనిషి. హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో బాయిలర్ల ఇంజనీరుగా రిటైరై, సూరత్‌లోనే ఆల్థాన్‌లో భార్య అనంతలక్ష్మితో ఉంటున్నాడు. అదే జబ్బు, అదే మందు. తన రక్తం లెక్కలన్నీ రంగురంగుల గీతలుగా గీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. చిన్నవ్వ ఆ గీతలు చూసి, "సారూ, చీర డిజైన్ మంచిగున్నది" అంది.

మందు ఒక్కసారే పూర్తిగా ఇవ్వరు. కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తారు, అందుకని పది రోజులు ఆసుపత్రిలోనే ఉండాలి. మెస్సును సంతోషికీ, పన్నెండేళ్ళుగా అక్కడే తింటూ పన్నెండేళ్ళుగా వంకలు పెడుతున్న అంబదాస్ అనే మగ్గం మనిషికీ అప్పగించి వచ్చింది చిన్నవ్వ. నాలుగు మంచాల వార్డు, మధ్యలో తెరలు. తెరకు ఇవతల చిన్నవ్వ, అవతల సుబ్బరామయ్య.

మొదటి సూది కడుపు మీద పొడిచిన సాయంత్రానికే నూట మూడు జ్వరం వచ్చింది. పళ్ళు టకటకలాడుతుంటే "పోలీసులు లాఠీలు తీసిండ్రు" అంది. దానికి విరుగుడు మందు ఎక్కించారు. జ్వరం దిగింది.

రోజూ ఒక పరీక్ష ఉండేది. మందు మెదడు మీద పనిచేస్తోందేమో పట్టుకోవడానికి. ఇది ఏ సంవత్సరం, ఏ ఊరు అని అడుగుతారు. పెన్ను, గడియారం చూపించి ఏంటని అడుగుతారు. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటారు. చివరికి వచ్చిన భాషలో ఒక వాక్యం రాయమంటారు. నర్సు భావికకు తెలుగు రాదు. రాత వంకరపోతోందా లేదా అన్నదే చూసేది. అయినా మనిషన్నాక కుతూహలం ఉంటుంది కదా, రాసిన కాగితం తెర అవతలికి పట్టుకెళ్ళి "అంకుల్, మాసీ ఏం రాసింది?" అని అడిగేది.

మొదటి రోజు చిన్నవ్వ రాసింది: "దవాఖాన పప్పుల బెల్లం ఏసినోని చేతులు పడిపోను."

సుబ్బరామయ్య చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. తెలుగువాళ్ళ పరువు ఒకటుంది కదా. "పప్పు వండినవారి చేతులు చల్లగా ఉండాలని దీవిస్తోందమ్మా" అన్నాడు. భావిక సంబరంగా వంటింటి దాకా వెళ్ళి చెప్పొచ్చింది. ఆ మధ్యాహ్నం చిన్నవ్వకు పప్పు రెండు గిన్నెలు వచ్చింది.

రెండో రోజు: "గీ డాక్టరమ్మ సూది గుచ్చుడు నేర్సుకున్నది బర్రెల మీదనా?" సుబ్బరామయ్య అనువాదం: డాక్టరుగారి హస్తవాసి గొప్పది. మూడో రోజు: "మొగుని మొకమే యాదికి లేదు, రోజు పెన్ను సూపిచ్చి గిదేందని అడుగుతరు, తెలివి తక్కువోళ్ళు." అనువాదం: ఇక్కడివాళ్ళు ఎంతో ఓపికగా చదువు చెబుతున్నారు. అనంతలక్ష్మి క్యారియర్ తెచ్చినప్పుడు ఆమెకు మాత్రం అసలువి గుసగుసగా చెప్పేవాడు. తెర అవతల దంపతులు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వడం చిన్నవ్వకు వినిపించేది. తన రాతలకు ఒక పాఠకుడున్నాడని తెలిశాక ఆమె ఇంకాస్త శ్రద్ధగా రాయసాగింది.

ఆరో రోజు జరిగింది చిన్నవ్వకు గుర్తులేదు. సంతోషి చెప్పగా విన్నదే. పొద్దున్నే భావిక హడావుడిలో ఉంది. ఏ ఊరంటే సూరత్ అంది చిన్నవ్వ, ఏ సంవత్సరమంటే సరిగ్గానే చెప్పింది. వాక్యం కూడా గీత తప్పకుండా రాసింది. మిగతావి తర్వాత అడగొచ్చని, భావిక అలవాటుగా కాగితం తెర అవతలికి తీసుకెళ్ళింది. సుబ్బరామయ్య చదివాడు. "డాక్టరమ్మ చాల మంచిది. పప్పు చాల బాగున్నది. అందరికి దండాలు దండాలు."

ఆయన మంచం మీంచి చేతికున్న సెలైను స్టాండుతో సహా లేచొచ్చాడు. "డాక్టర్ని పిలువమ్మా. ఇప్పుడే."

"ఏమైంది అంకుల్? బాగానే రాసిందిగా?"

"బాగా రాసింది కాబట్టే పిలవమంటున్నాను!"

కృపాబెన్ వచ్చింది. సుబ్బరామయ్య జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు తప్పు ఒప్పుకున్నాడు. అయిదు రోజులుగా తాను చెప్పిందంతా అబద్ధమనీ, ఆవిడ ఇంతవరకూ ఒక్క మర్యాద మాట రాయలేదనీ, ఈ రోజు రాసిందంటే మెదడుకు ఏదో అయ్యిందనీ చెప్పాడు. డాక్టరు నమ్మనట్టు చూస్తే, పాత కాగితాలు తెప్పించి ఒక్కొక్కటే హిందీలో చదివాడు. బర్రెల వాక్యం దగ్గర ఆయన గొంతు సన్నబడిపోయింది. కృపాబెన్ చివరిదాకా విని, చిన్నవ్వ మంచం దగ్గరికి నడిచింది. పెన్ను చూపించింది.

"మాసీ, ఇదేంటి?"

"గరిటె."

గడియారం చూపిస్తే అదీ గరిటే. వంద నుంచి తగ్గించమంటే "వంద, తొంభై, తొంభై, తొంభై" అంటూ దుప్పటి అంచు పట్టుకుని బియ్యం ఏరుతున్నట్టు వేళ్ళు కదిలించింది. అరగంటలో స్టెరాయిడ్ ఎక్కించారు. సంతోషి ఆ రోజంతా తల్లి పక్కనే కూర్చుంది. పిలిస్తే చిన్నవ్వ చిరునవ్వు నవ్వేది, ఎవరేం చెప్పినా "సరే బిడ్డా" అనేది. ఇరవై నాలుగేళ్ళలో తల్లి నోట వినని మెత్తటి మాట అది. సంతోషికి అంత భయం ఎప్పుడూ వేయలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తెలివొచ్చింది. కృపాబెన్ స్వయంగా పెన్నూ కాగితమూ అందించింది. చిన్నవ్వ రాసింది. ఈసారి సుబ్బరామయ్య ఉన్నదున్నట్టు చదివాడు: "నిన్న నన్ను ఆగం జేసి ఇయ్యాల పెన్ను ఇస్తున్నరు. సిగ్గున్నదా మీకు?"

భావిక చప్పట్లు కొట్టింది. కృపాబెన్ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, "మెదడు నార్మల్" అని రాసుకుంది. వెళ్ళబోతూ ఆగి, "మాసీ, నేను నేర్చుకుంది మనుషుల మీదే" అంది. చిన్నవ్వ తెర వైపు చూసింది. తెర అవతల సుబ్బరామయ్య దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తున్నాడు.

ఇంటికి వచ్చిన మూడు వారాలకు అసలు దెబ్బ తగిలింది. అరచేతుల చర్మం ఉల్లిపొరల్లా లేచింది. గోళ్ళు ఒక్కోటి వదులై ఊడిపోయాయి. వాటిని ఆమె లెక్కచేయలేదు. కానీ ఒక పొద్దున పప్పు రుచి చూద్దామని అరచేతిలో వేసుకుని నాకితే ఏమీ తెలియలేదు. ఇంకాస్త ఉప్పు వేసింది. తెలియలేదు. చింతపండు రసం తాగింది, నీళ్ళు. ఎల్లిపాయ కారం నాలుక మీద పెట్టుకుంటే మంట తెలిసింది గానీ రుచి తెలియలేదు. నోటినిండా దూది కుక్కినట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. వంట మనిషికి నాలుక పోయిందని తెలిస్తే ఎవడొస్తాడు? చేతి లెక్కతో, కంటి లెక్కతో వండసాగింది. అయితే చేతివేళ్ళకు పొట్టులేచి కట్లు కట్టి ఉన్నాయి, పిడికిట్లో ఉప్పు ఎంత పట్టిందో కూడా తెలిసేది కాదు.

వారం గడిచింది. మెస్సులో ఏదో తేడాగా ఉందని ఆమెకు అనిపించింది కానీ ఏమిటో పట్టుబడలేదు. ఒకరోజు మధ్యాహ్నం గరిటె పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. ఎవరూ మాట్లాడటం లేదు. అరవై మంది తలలు వంచుకుని తింటున్నారు. అంబదాస్ పప్పు రెండోసారి వేయించుకున్నాడు.

"అంబదాస్, పప్పెట్లున్నది?"

"మంచిగున్నది చిన్నవ్వా."

పన్నెండేళ్ళలో ఆ మాట అతని నోట రాలేదు. చిన్నవ్వకు కోపం తన్నుకొచ్చింది.

"ఏందిరా? నేను సచ్చిన్నా? నా దినాలకొచ్చి తింటున్నట్టు నోరు మూస్కొని తింటున్నరు? చెప్పు, ఎట్లున్నది?"

అంబదాస్ అటూ ఇటూ చూశాడు. కంచం పక్కకు జరిపాడు. "చెప్పాల్నా? సముద్రంల పప్పు ఉడకబెట్టినట్టున్నది. నాలుగు దినాల సంది గిదే. మంగళారం గోకరకాయ కూరల ఉప్పే లేదు. నిన్నటి పచ్చిపులుసు తాగి సురేశ్ గాడు షిఫ్టుల మూడు లోటల నీళ్ళు తాగిండు."

"పులుసుల చింతపండు గింజలు సుత వచ్చినయ్" అన్నాడు సురేశ్ మూలనుంచి.

ఇక ఆనకట్ట తెగింది. పావుగంట సేపు అరవై మందీ ఒకరి మీద ఒకరు పడి వంకలు చెప్పారు. చిన్నవ్వ నడుం మీద చెయ్యి వేసుకుని అన్నీ విన్నది, అందరినీ పేరుపేరునా తిట్టింది. చివరికి, "నా నోరు సచ్చింది. మందుతోని. ఉప్పు తెలుస్తలేదు" అని అందరికీ వినపడేట్టు చెప్పేసింది. ఆ మాట చెప్పాక స్టూలు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. అంబదాస్ లేచి గంజులో నీళ్ళు పోసి, రెండు ఆలుగడ్డలు పడేశాడు, ఉప్పు గుంజుతాయని.

మర్నాటి నుంచి అంబదాస్ షిఫ్టుకు ముందు వచ్చి రుచి చూసేవాడు. పదవి వచ్చేసరికి మనిషి మారిపోయాడు. చెంచాతో తీసుకుని, కళ్ళు మూసుకుని, "పులుపు జర ఎనకవడ్డది" అనేవాడు. "నాకన్నా నీ నకరాలే ఎక్కువున్నయ్ గదరా" అనేది చిన్నవ్వ, అని చింతపండు పిండేది.

నాలుగో నెలలో మళ్ళీ మూలుగ తీసి పరీక్షించారు. జబ్బు జాడ దొరకలేదు. కృపాబెన్ కాగితం రెండుసార్లు చదివింది. చిన్నవ్వ మాత్రం తూకం మిషను వైపు చూపించింది. తొమ్మిది కిలోలు తగ్గింది. ఏది తిన్నా దూదే అయినప్పుడు ఎంతని మింగుతుంది?

"దొంగలు లేరంటున్నవ్ గదా బెన్. మరి పోలీసులకు జర సెలవులియ్యి."

డాక్టరు నవ్వలేదు. ఆలోచించింది. సూదులకు మధ్య ఎడం పెంచితే నోరు కొంత తేరుకోవచ్చు, ప్రయోగం నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. కానీ జబ్బు మళ్ళీ తల ఎత్తదని చెప్పలేను అంది. చిన్నవ్వ సంతోషి మొహం చూసింది. సంతోషి, "తేరీ మర్జీ అమ్మా, నీ ఇష్టం. కానీ నువ్వు ఏం తినకపోతే మందెందుకు?" అంది. రెండు వారాలకోసారి ఇచ్చే సూది నెలకొకసారి అయింది.

వానాకాలంలో నిమోనియా పట్టింది. ఎనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. మంచి కణాలు కూడా మందు దెబ్బకు తగ్గిపోతాయి కాబట్టి, దాతల రక్తం నుంచి తీసిన రక్షణ మందును నెలనెలా ఎక్కించాలన్నారు. "గుజరాతోళ్ళదైతే ఎక్కియ్యకు. రేపు పప్పుల బెల్లమేస్త" అంది, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి మరీ. అదే ఆసుపత్రిలో, ఆ ఎనిమిదో రోజునే, గిన్నెలో పప్పు చెంచాతో నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నాలుక చివర ఏదో తగిలింది. తీపి. ఏడు నెలల తర్వాత తిరిగొచ్చిన మొదటి రుచి ఆ బెల్లం పప్పుదే. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. గిన్నె ఊడ్చి తిని, ఇంకొంచెం పెట్టమని సైగ చేసింది.

సుబ్బరామయ్యకు పదకొండో నెలలో జబ్బు తిరగబెట్టింది. ఆయనే ఫోన్ చేశాడు. "చిన్నవ్వగారూ, మావాళ్ళు లాగూ కూడా విప్పేశారండీ" అన్నాడు. అంత పద్ధతైన మనిషి నోట ఆ మాట విని చిన్నవ్వ నవ్వింది, ఫోన్ పెట్టేశాక చాలాసేపు పొయ్యి వెలిగించలేకపోయింది. ముంబయిలో ఇంకో చికిత్సకు వెళ్ళాడు. అది మొదలయ్యేలోపే ఇన్ఫెక్షన్‌తో పోయాడు.

పదో రోజు తర్వాత చిన్నవ్వ ఆల్థాన్ వెళ్ళింది. అనంతలక్ష్మి తలుపు తీసింది. చిన్నవ్వ సోఫా అంచున కూర్చుంది. ఎన్నో చావు ఇళ్ళకు వెళ్ళింది, శోకాలు పెట్టింది, ఇక్కడ మాత్రం ఆ శోకాలు పనికిరావనిపించింది. గోడ మీద ఫొటో చూస్తూ చివరికి, "గా దేవునికి కండ్లు గాదు, బొర్రలున్నయమ్మా మొకానికి. అంత మంచోన్ని ఏరుకొని తీస్కపోయిండు దొంగ ముండాకొడుకు" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. అనంతలక్ష్మి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఇద్దరికీ తేలలేదు. కాఫీ ఇచ్చింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నారు.

ఇప్పటికి మందు మొదలై ఏడాదిన్నర దాటింది. చిన్నవ్వ మూలుగలో జబ్బు కనిపించడం లేదు. ఉప్పు సగం తెలుస్తుంది, పులుపు బాగానే తెలుస్తుంది. గోళ్ళు మళ్ళీ వచ్చాయి, కాస్త వంకరగా. నెలనెలా సూదికి వెళ్తుంది.

మొన్న వెళ్ళినప్పుడు కృపాబెన్ ఆమెను ఒక మనిషి దగ్గర కూర్చోబెట్టింది. లస్మయ్య, రంగుల మిల్లులో పనిచేస్తాడు. ఇదే జబ్బు, రెండోసారి తిరగబెట్టింది. ఇరవై ఆరు పేజీల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"నొప్పుంటదా అక్కా?"

"సూది కడుపుల పొడుస్తరు, పెద్ద నొప్పేం గాదు. జరం ఒస్తది. జర పిచ్చి లేస్తది, నాకు లేసింది. గోళ్ళు ఊడుతయ్. నోరు సస్తది."

లస్మయ్య మొహం పాలిపోయింది. దూరం నుంచి చూస్తున్న కృపాబెన్ తల పట్టుకుంది.

"మరి మంచిగయితదా?"

"నాకయింది. నాతోని ఒక సారున్నడు, ఆయనకు కాలే. నీకెట్లయితదో నాకేమెర్క? నేను అన్నమొండేదాన్ని." అతని ఒళ్ళోని కాగితాల వైపు చూసింది. "నాకైతే ఏడాదిన్నర దొరికింది. గా ఏడాదిన్నరల అరవై మందికి రెండు పూటల వండిన. బిడ్డ లగ్గం మాట ఖాయం జేసిన. మస్తు తిట్టిన అందర్ని."

లస్మయ్య చాలాసేపు కాగితాలు తిరగేశాడు. పన్నెండో పేజీలో వేలు పెట్టి, "గీ తెలుగేంది, ఒక్క ముక్క సమజైత లేదు" అన్నాడు.

"ఇటియ్యి" అని చిన్నవ్వ కాగితాలు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.